ఒక్క ప్రాణంతో ఆడేటప్పుడు: పర్మాడెత్ గేముల్లో ఎక్కడ పోతాం, ఎందుకు పోతాం

పర్మాడెత్ అంటే చావు శాశ్వతం, పాత సేవ్ లోడ్ చేసి వెనక్కి వెళ్లడం కుదరదు. ఆ మోడ్ ఆన్ చేసే ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఒక మిషన్‌లో టీమ్ మొత్తం తుడిచిపెట్టుకుపోయే అవకాశం 2 శాతమే అనుకుందాం. రెండు శాతాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ క్యాంపెయిన్‌లో అలాంటి మిషన్లు 30 ఉంటే, ముప్పయ్యీ దాటి బయటపడే అవకాశం 55 శాతం దగ్గరికి పడిపోతుంది. మిషన్‌కి 5 శాతం ముప్పయితే మిగిలేది 21 శాతం. 1 శాతానికి దించగలిగితే 74. మామూలు మోడ్‌లో ఈ తేడా కంటికి కనపడదు, లోడ్ బటన్ దాన్ని మింగేస్తుంది. ఇక్కడ ఆ బటన్ లేదు కాబట్టి ప్రతి చిన్న శాతమూ ఖాతాలో పడుతూనే ఉంటుంది.

అందుకే ఈ మోడ్‌లో చివరిదాకా వెళ్లేవాళ్లు హోరాహోరీ పోరాటాల్లో ఆరితేరినవాళ్లు కాదు. హోరాహోరీ అయ్యే పరిస్థితినే రానివ్వనివాళ్లు. వాళ్ల ఆట పక్కన కూర్చుని చూస్తే చప్పగా ఉంటుంది. ప్రాణం మీదకి వచ్చే డైస్ ఎన్నిసార్లు పడుతోంది, దాన్ని ఎలా తగ్గించాలి అన్నదే వాళ్ల పని. కింద రాసేదంతా ఆ ఒక్క విషయం గురించే, ఒక్కో గేమ్‌లో అది ఒక్కో రూపంలో వస్తుంది.

ముందు, పోయేది ఏంటో తెలుసుకోండి

పర్మాడెత్ అన్న ఒకే పేరు కింద చాలా రకాల రూల్స్ ఉన్నాయి. 1980లో వచ్చిన రోగ్‌లో ఒక్క మనిషి, ఒక్క సేవ్ ఫైల్. ఆట మధ్యలో లేవడానికే సేవ్. మళ్లీ తెరవగానే ఫైల్ చెరిగిపోయేది. 1981 నాటి విజర్డ్రీలో చనిపోయినవాడిని గుడిలో బతికించుకోవచ్చు, కానీ ఆ ప్రయత్నం తప్పితే బూడిద అవుతాడు, బూడిద మీద చేసిన ప్రయత్నం కూడా తప్పితే ఇక లేనట్టే. టీమ్ మొత్తం పోతే శవాలు అక్కడే పడుంటాయి, ఇంకో టీమ్‌ని తయారుచేసి పంపించి తెచ్చుకోవాలి.

ఎక్స్‌కామ్, ఫైర్ ఎంబ్లమ్, డార్కెస్ట్ డంజన్‌లలో చావు మనుషులకి, ఆటకి కాదు. ఒక సైనికుడు పోయినా క్యాంపెయిన్ నడుస్తుంది. బాల్డర్స్ గేట్ 3లో 2023 నవంబర్‌లో వచ్చిన హానర్ మోడ్ ఇంకో రకం: ఒకరిద్దరు పడిపోతే రివైవిఫై స్క్రోల్‌తోనో, క్యాంప్‌లో ఉండే విథర్స్ అనే పాత్రకి 200 గోల్డ్ ఇచ్చో లేపుకోవచ్చు, టీమ్ మొత్తం పడిపోతేనే రన్, అంటే మొదలుపెట్టిన ఆట మొత్తం, ముగుస్తుంది. డయాబ్లో 2 హార్డ్‌కోర్‌లో క్యారెక్టర్ పోతే పోయినట్టే. పాత్ ఆఫ్ ఎగ్జైల్ హార్డ్‌కోర్‌లో మాత్రం అదే క్యారెక్టర్ మామూలు లీగ్‌లోకి దిగిపోతుంది, సామానుతో సహా.

ఈ తేడా తెలియకపోతే తప్పుడు చోట జాగ్రత్త పడతారు. ఎక్స్‌కామ్‌లో కొత్తవాళ్లు ఒక్క సైనికుడిని కూడా పోనివ్వకూడదని పంతం పట్టి, బాగా ఆడే అయిదుగురినే ప్రతి మిషన్‌కీ తీసుకెళ్తారు. ఆ అయిదుగురిలో ఇద్దరికి గాయాలై వారాల తరబడి మంచాన పడ్డాక, పెద్ద మిషన్ వచ్చిపడితే పంపడానికి మిగిలేది రూకీలే, అంటే అనుభవం లేని కొత్త సైనికులే. క్యాంపెయిన్లు కూలేది ఇలాగే. పది పన్నెండు మందిని ఒక మోస్తరు ర్యాంక్‌కి తెచ్చుకోవడం, తేలిక మిషన్లలో ప్రతిసారీ ఒకరిద్దరు కొత్తవాళ్లని కలిపి పంపడం, ఆఫీసర్ ట్రైనింగ్ స్కూల్‌లో స్క్వాడ్ సైజు పెంచే అప్‌గ్రేడ్‌లు మొదటి అవకాశంలోనే కొనేయడం, ఇవి ఏ లేజర్ గన్ కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడతాయి. నాలుగు తుపాకులతో ఆడేవాడికీ ఆరు తుపాకులతో ఆడేవాడికీ పోలికే లేదు.

ఎక్స్‌కామ్‌లో ఒక టర్న్

2012 నాటి ఎనిమీ అన్‌నోన్ లెక్కలే తీసుకుందాం, అవి తేలిగ్గా తలకెక్కుతాయి. కవర్ అంటే దాక్కునే అడ్డు: సగం కప్పే హాఫ్ కవర్‌కి 20, పూర్తిగా కప్పే ఫుల్ కవర్‌కి 40 డిఫెన్స్. రూకీ ఎయిమ్, అంటే గురి, 65. అంటే ఫుల్ కవర్ వెనక ఉన్న శత్రువు మీద దూరం నుంచి రూకీ షాట్ 25 శాతం, హాఫ్ కవర్ అయితే 45. ఫ్లాంక్ చేస్తే, అంటే అడ్డు లేని వైపు నుంచి కొడితే, కవర్ సున్నా, పైగా క్రిటికల్ (మామూలు కన్నా గట్టి దెబ్బ) పడే అవకాశానికి 50 కలుస్తుంది. ఇదే లెక్క వాళ్లకీ వర్తిస్తుంది. మీ సైనికుడు ఫ్లాంక్ అయ్యాడంటే తగలడం ఒక్కటే కాదు, ఒక్క దెబ్బకే పోవడం కూడా ఖాయమైనంత పని.

శత్రువులు గుంపులుగా, పాడ్‌లుగా తిరుగుతుంటారు. మీ కంట పడేదాకా వాళ్లు మీ జోలికి రారు. పడ్డ క్షణంలో వాళ్లకి ఒక ఉచిత కదలిక దొరుకుతుంది, పరిగెత్తి కవర్ చూసుకుంటారు. ఇప్పుడు, ఆ పాడ్ మీకు కనపడింది మీ టర్న్‌లో ఎన్నో సైనికుడు కదిలినప్పుడు అన్నదే చావు బతుకుల ప్రశ్న. మొదటివాడు కదిలినప్పుడు కనపడితే మిగతా అయిదుగురి చేతిలో పూర్తి టర్న్ ఉంది. అందరూ కదిలేశాక చివరివాడు ఇంకాస్త ముందుకెళ్దామని డ్యాష్ చేసి, అంటే తన టర్న్‌లోని రెండు యాక్షన్లూ పరుగుకే వాడేసి, చీకట్లోకి దూరితే, కవర్‌లో కుదురుకున్న శత్రువులకి పూర్తి టర్న్ ఇచ్చినట్టు. ఎక్స్‌కామ్‌లో స్క్వాడ్‌లు తుడిచిపెట్టుకుపోయిన సందర్భాల్ని వెనక్కి వెళ్లి చూస్తే చాలావాటి మూలం ఈ ఒక్క డ్యాష్‌లోనే ఉంటుంది. షాట్ తప్పిందని తిట్టుకునే టర్న్‌కి ముందు టర్న్ అన్నమాట.

కాబట్టి క్రమం ఇలా ఉండాలి. అంతకు ముందు ఎవరైనా చూసేసిన చోటికే చివరివాళ్లు వెళ్లాలి. కొత్త నేల చూసే పని మొదటివాడిదే, అదీ ఒక్క కదలిక దూరమే. రెండో యాక్షన్ దాచుకోవాలి. ఎదురుగా ఏమీ కనపడకపోతే మిగతావాళ్లు అతను ఉన్న వరుసకి మించి పోకుండా వచ్చి ఆగాలి. కొత్త చోట కాలు పెట్టేటప్పుడు వెనక ఇద్దరు ఓవర్‌వాచ్‌లో, అంటే శత్రువు కదలగానే కాల్చడానికి కాపు కాస్తూ, ఉండటం మంచిదే, కానీ దాని మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు. ఓవర్‌వాచ్ షాట్‌కి ఎయిమ్‌ని 0.7తో గుణిస్తారు, క్రిటికల్ కూడా పడదు. రూకీ ఎయిమ్ 65 కాస్తా 45 అయిపోతుంది.

పాడ్ కనపడ్డాక ఎవరు ముందు కాల్చాలి? గురి తప్పే వీల్లేని పనులు ముందు, శాతాల పనులు తర్వాత. గ్రెనేడ్ 3 డ్యామేజ్ కచ్చితంగా ఇస్తుంది, కవర్‌ని కూడా పగలగొడుతుంది. ప్రాణం 3 లేదా అంతకన్నా తక్కువ మిగిలిన శత్రువు మీద 65 శాతం షాట్ కొట్టి గ్రెనేడ్‌ని తర్వాతకి దాచుకోవడం పిసినారితనం. పేలుడుతో చంపితే వాళ్ల ఆయుధ శకలాలు దక్కవు, నిజమే. శకలాలు మళ్లీ దొరుకుతాయి. ఇంకోటి, శాతాల్ని జోడించి చూడటం అలవాటు చేసుకోవాలి. 85 శాతం షాట్లు నాలుగు వరుసగా తగిలితేనే పనిచేసే ప్లాన్ నిజానికి 52 శాతం ప్లాన్, అంటే బొమ్మా బొరుసా. అదే ఒక శత్రువు మీద 65 శాతం షాట్లు రెండు ఉండి, ఒక్కటి తగిలినా చాలు అంటే అది 88 శాతం ప్లాన్. పెద్ద అంకె ఉన్న షాట్ కన్నా, తప్పినా ఇంకోటి మిగిలి ఉండే షాట్ మేలు.

అంతా తప్పితే ఏంటన్నది ఆఖరి ఇద్దరిని కదపక ముందే తేల్చుకోవాలి. హంకర్ డౌన్ చేస్తే, అంటే కాల్చకుండా కవర్‌లో నక్కి కూర్చుంటే, కవర్ డిఫెన్స్ రెట్టింపవుతుంది. ఫుల్ కవర్‌లో అది 80. బాగా దెబ్బతిన్నవాడిని 30 శాతం షాట్‌కి వాడేకన్నా హంకర్‌లో కూర్చోబెట్టడం నయం. శత్రువుల టర్న్‌లో ఒక డైస్ దాదాపు మాయమైపోతుంది.

ఒక పక్కమాట. ఈ గేమ్‌లో మామూలు మోడ్‌లో తప్పిన షాట్‌ని రీలోడ్ చేసి మళ్లీ కొడితే మళ్లీ అలాగే తప్పుతుంది, ఎందుకంటే డైస్ ఎలా పడాలో తేల్చే అంకె, రాండమ్ సీడ్, సేవ్‌లోనే ఉంటుంది. దీని విస్తరణ ఎనిమీ వితిన్‌లో ఆ సీడ్‌ని లోడ్ చేసిన ప్రతిసారీ మార్చే ఆప్షన్ విడిగా ఇచ్చారు, దానికి సేవ్ స్కమ్ (నచ్చిన ఫలితం వచ్చేదాకా రీలోడ్ చేయడం) అనే పేరు కూడా పెట్టారు. తయారుచేసినవాళ్లకి మన సంగతి తెలియంది కాదు.

ఫైర్ ఎంబ్లమ్ అంకెలు అబద్ధం చెబుతాయి, మన మంచికే

2002లో వచ్చిన ది బైండింగ్ బ్లేడ్ నుంచి అవేకనింగ్ దాకా, తెర మీద కనిపించే హిట్ శాతానికి లోపల రెండు రాండమ్ అంకెలు తీసి సగటు చూస్తారు. దాంతో 90 అని ఉన్నది నిజానికి 98. 70 అంటే 82. కిందికి వచ్చినప్పుడు ఇది తిరగబడుతుంది: 30 అని ఉన్నది 18, 10 అని ఉన్నది 2. తప్పించుకోవడంలో దిట్టైన క్యారెక్టర్లు ఈ సిరీస్‌లో అంత బలంగా అనిపించడానికి కారణం ఇదే. ఫేట్స్‌లో ఈ లెక్క మార్చారు. 50కి దిగువన కనపడేది ఉన్నదున్నట్టే, కాబట్టి పాత గేముల ధైర్యంతో అక్కడ 30 శాతం దెబ్బలకి ఎదురెళ్లకండి.

క్రిటికల్ విషయంలో ఈ దయ లేదు. క్రిటికల్‌కి ఒకటే అంకె. 5 శాతం అని ఉంటే 5 శాతమే, డ్యామేజ్ మూడింతలు. ఈ గేముల్లో బలమైన క్యారెక్టర్లు పోయేది ఇక్కడే. గట్టి నైట్‌ని అందరికీ ముందు నిలబెట్టి, ఎనిమీ ఫేజ్‌లో (శత్రువుల టర్న్‌లో) ఎనిమిది మంది వచ్చి కొట్టనిస్తారు. ఒక్కో దెబ్బ గీసుకున్నంత, చూడటానికి అంతా భద్రం. కానీ ఆ ఎనిమిది మందికీ 5 శాతం క్రిటికల్ ఉండి, అన్ని దెబ్బలూ తగిలితే, ఒక్కటైనా క్రిటికల్ పడే అవకాశం 34 శాతం. నిలబెట్టే ముందు చూడాల్సింది రెండు: ఒక క్రిటికల్ తగిలినా ఆ మనిషి నిలబడతాడా, రెండోది అప్పటికే ప్రాణం తగ్గి ఉంటే కూడా నిలబడతాడా. లేదంటే ఎదురొచ్చేవాళ్ల సంఖ్యని తగ్గించండి. ఇరుకు దారిలో ఒకరే ఎదురుపడేలా నిలబడితే వెనకున్న విలుకాళ్లు, మంత్రగాళ్లు మాత్రమే అదనం.

శత్రువుల రేంజ్ చూపించే బటన్ నొక్కకుండా ఒక్క టర్న్ కూడా ముగించొద్దు. ఆ ఎర్ర గళ్లలో మీ ఎగిరే యూనిట్ ఉంటే, బాణం దానికి మరీ గట్టిగా తగులుతుంది కాబట్టి, విలుకాడు ఎక్కడున్నాడో ఒక్కడొక్కడినీ విడిగా చూసుకోవాలి. రెండోసారి కొట్టే స్పీడ్ తేడా కూడా గేమ్‌ని బట్టి మారుతుంది, పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ గేముల్లో 4, అవేకనింగ్‌లో 5. శత్రువు స్పీడ్ సరిగ్గా ఆ హద్దులో ఉంటే ఒక దెబ్బ అనుకున్నది రెండు దెబ్బలవుతుంది. ఇక రీఇన్‌ఫోర్స్‌మెంట్లు. కొన్ని గేముల్లో కొత్త శత్రువులు దిగిన టర్న్‌లోనే కదిలి కొడతారు. మెట్లు, కోటలు, మ్యాప్ అంచులు ఉన్న చోట హీలర్‌ని ఒంటరిగా వదలకపోవడం ఒక్కటే దీనికి మందు.

2010లో జపాన్‌లో నింటెండో డీఎస్ మీద వచ్చిన గేమ్ నుంచి, పడిపోయినవాళ్లు తర్వాతి మ్యాప్‌కి తిరిగొచ్చే క్యాజువల్ మోడ్ ఉంది. త్రీ హౌసెస్‌లో డివైన్ పల్స్‌తో కొన్ని టర్న్‌లు వెనక్కి తిప్పొచ్చు. ఇవి వాడితే పర్మాడెత్ కాదు అనే వాదన నాకు నచ్చదు. వెనక్కి తిప్పడానికి లెక్క ఉంది, ఆ లెక్క అయిపోతుంది. అది కూడా ఒక వనరే.

డెత్స్ డోర్ దగ్గర

డార్కెస్ట్ డంజన్‌లో ప్రాణం సున్నాకి వచ్చినంత మాత్రాన హీరో పోడు, డెత్స్ డోర్‌లోకి వెళ్తాడు. అక్కడి నుంచి తగిలే ప్రతి దెబ్బకీ ఒక డైస్, దాన్నే డెత్‌బ్లో అంటారు. మామూలుగా తట్టుకునే అవకాశం 67 శాతం. ఒక దెబ్బకి 67 అంటే పర్వాలేదనిపిస్తుంది. రెండు దెబ్బలకి 45, మూడింటికి 30. అందుకే ఒక్క పాయింట్ హీల్ అయినా సరే, ముందు వాడిని అక్కడి నుంచి బయటికి లాగాలి. ఒక్క పాయింట్ ఉన్నవాడికి తర్వాతి దెబ్బ డైస్ వేయదు, మళ్లీ డెత్స్ డోర్‌కి తెస్తుంది అంతే. బలహీనమైన హీల్‌ని పనికిరాదని తీసేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. ఆ రెండు పాయింట్ల హీల్ ఒక పూర్తి డెత్‌బ్లోని మింగేస్తుంది.

ఇందులో అసలు మెలిక బ్లీడ్ (రక్తస్రావం), బ్లైట్ (విషం). అవి హీరో టర్న్ మొదలవగానే కొరుకుతాయి, ఆ కొరుకుడు కూడా డెత్‌బ్లో కిందే లెక్క. బ్యాండేజ్, యాంటీవెనమ్ వాడేది ఆ హీరో తన సొంత టర్న్‌లో. అంటే మందు చేతిలో ఉన్నా, డైస్ పడ్డాకే దాన్ని వాడగలరు. బ్లీడ్ అవుతూ డెత్స్ డోర్‌లో ఉన్నవాడికి టర్న్ రాకముందే ఇంకెవరైనా హీల్ చేయాలి, లేదా వాళ్ల స్కిల్‌తో బ్లీడ్ తీసేయాలి. కాబట్టి స్పీడ్ ఎక్కువున్న హీలర్ విలువ మామూలు హీలర్ కన్నా రెట్టింపు. స్పీడ్ పెంచే ట్రింకెట్ (తొడిగించే చిన్న వస్తువు) హీలర్‌కి పెట్టడానికి కారణం ఇదే.

స్ట్రెస్ 100 చేరితే పరీక్ష. వందలో సుమారు 25 సార్లు హీరో నిలదొక్కుకుంటాడు, మిగతా 75 సార్లు మతి చెడుతుంది. 200 చేరితే గుండెపోటు. అప్పటికే డెత్స్ డోర్‌లో ఉన్నవాడికి గుండెపోటు అంటే చావే, డైస్ కూడా ఉండదు. స్ట్రెస్ 150 దాటిన మనిషి టీమ్‌లో ఉండగా ఇంకో గది చూద్దాం అనుకోవద్దు. క్వెస్ట్ వదిలేసి వచ్చినా స్ట్రెస్ పెరుగుతుంది, బహుమతి పోతుంది, మనుషులు మాత్రం మిగులుతారు. పోరాటం మధ్యలో వెనక్కి తగ్గడం ఒక్కోసారి విఫలమవుతుంది కాబట్టి, తగ్గాలన్న నిర్ణయం రెండో మనిషి పడిపోయాక కాదు, మొదటివాడు డెత్స్ డోర్ తొక్కినప్పుడే తీసుకోవాలి.

సామాను విషయంలో పొదుపు చేయకండి. చిన్న క్వెస్ట్‌కి కూడా 8 నుంచి 12 తిండి, ఎనిమిది టార్చ్‌లు, రెండు మూడు పారలు. ఆకలి ఒక్కసారి వేస్తే నలుగురికీ కలిపి నాలుగు పోతాయి. పార లేకుండా దారికి అడ్డం పడ్డ రాళ్లని చేత్తో తీయిస్తే ప్రాణం, స్ట్రెస్, వెలుగు మూడూ తగ్గుతాయి. స్టేజ్‌కోచ్ ఉచితంగానే మనుషుల్ని తెస్తుంది కాబట్టి మొదటి వారాల్లో ఒక హీరో పోవడం పెద్ద నష్టం కాదు; ఆయుధం, కవచం పూర్తిగా పెంచిన హీరో పోతేనే అసలు దెబ్బ. ఆ దశకి వచ్చాక ఒక్కో క్వెస్ట్‌కి బంగారం ఎంత ఖర్చయినా పెట్టాల్సిందే.

రోగ్‌లైక్‌లలో మెట్ల మహిమ

రోగ్ బాటలో వచ్చిన గేముల్నే రోగ్‌లైక్‌లు అంటారు. వాటిలో నెట్‌హ్యాక్ 1987 నుంచి ఉంది, ఇప్పటికీ చంపుతూనే ఉంది. దీంట్లో చావులు రెండు జాతులు: తెలియక చచ్చేవి, తెలిసి కూడా తొందరపడి చచ్చేవి. మొదటి జాతికి మందు చదవడం. ఫ్లోటింగ్ ఐని, అంటే తెర మీద నీలం రంగులో కనపడే ఇంగ్లీషు e అక్షరాన్ని, చేత్తోనో కత్తితోనో కొట్టకూడదు. కొట్టినవాడు బిగుసుకుపోతాడు, ఆ తర్వాత ఎలుక వచ్చినా చంపేస్తుంది. కాకట్రైస్ శవాన్ని గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే రాయి. చంపి 30 టర్న్‌లు దాటిన శవం తినొద్దు, లిజర్డ్, లైకెన్ తప్ప. అవి రెండూ కుళ్లవు. ఇలాంటివి వందల్లో ఉన్నాయి, అన్నీ సొంతంగా చచ్చి నేర్చుకోవాలంటే జన్మ చాలదు. వికీ తెరిచి పెట్టుకుని ఆడటం తప్పని నేననుకోను.

ప్రార్థన నెట్‌హ్యాక్‌లో అన్నిటికన్నా పెద్ద రక్షణ. ప్రాణం మొత్తంలో ఏడో వంతు కన్నా తక్కువకో, 6 కన్నా తక్కువకో పడినప్పుడే అది పెద్ద కష్టం కింద లెక్క. 20 ప్రాణానికి 7 ఉన్నప్పుడు భయపడి ప్రార్థిస్తే దేవుడికి కోపం వస్తుంది. ఆట మొదలై 300 టర్న్‌లు దాటాక మొదటిది, ఆ తర్వాత ప్రతిదానికీ 1000 టర్న్‌ల ఎడం అన్నది నమ్మదగిన లెక్క. టర్న్ నంబర్‌ని పక్కన కాగితం మీద రాసుకోండి. మీ జోలికి రాని ప్రాణిని చంపి లక్ పాడుచేసుకుంటే ఈ లెక్కేదీ పనిచేయదు. రాక్షసుల్ని భయపెట్టే ఎల్బెరెత్ అనే మాటని నేల మీద రాసి నిలబడటం కూడా మునుపటిలా లేదు: 3.6 వెర్షన్ నుంచి దాని మీద నిలబడి మీరు కొడితే అది చెరిగిపోతుంది, ఏదైనా దానికి జడిసినప్పుడు కూడా ఏడింట ఒక వంతు చెరిగే అవకాశం. మనుషులు, మినటార్లు దాన్ని అసలు లెక్కచేయరు. పారిపోవడానికో, పోషన్ తాగడానికో దొరికే రెండు టర్న్‌ల ఊపిరిగా చూడండి.

డంజన్ క్రాల్ స్టోన్ సూప్ మరీ న్యాయమైన గేమ్. ఎదురుపడినదాని వివరాలు అక్కడే చూపిస్తుంది, ఎంత గట్టిగా కొడుతుందో కూడా చెబుతుంది. అయినా చస్తారు, ఎందుకంటే క్యారెక్టర్‌ని దానంతట అదే తిప్పే ఆటో ఎక్స్‌ప్లోర్ కీ మీద వేలు తీయరు. కొత్త పేరు కనపడిన ప్రతిసారీ ఆగి వివరాలు చదవడం ఒక్కటి చేస్తే మొదటి ఆరు అంతస్తుల్లో చావులు సగానికి సగం తగ్గుతాయని నా అంచనా. రెండోది మెట్లు. మెట్లెక్కినప్పుడు మీ పక్క గడిలో ఉన్నవే మీతో వస్తాయి. అయిదుగురు తరుముతుంటే మెట్ల దగ్గరికి వెళ్లి, ఒకరిద్దరు ఆనుకున్నప్పుడు పైకెక్కి, అక్కడ వాళ్ల పని పట్టి, మళ్లీ దిగడం. కొత్త అంతస్తులో దిగిన మెట్లు ఎక్కడున్నాయో మర్చిపోయేంత దూరం పోయి పోరాటం మొదలుపెట్టొద్దు, శత్రువునే మెట్ల దాకా లాక్కురండి.

పేరు తెలియని స్క్రోల్స్, పోషన్లు ఆపదలో వాడి చూద్దామని దాచుకునేవాళ్లు చాలామంది. ఆపదలో తెలియని స్క్రోల్ చదవడం అంటే ఇంకో డైస్, అదీ అన్నిటికన్నా చెడ్డ సమయంలో. ప్రాణం నిండుగా ఉండి, చుట్టూ ఎవరూ లేనప్పుడు, మెట్ల మీద నిలబడి చదవండి. రెండు మూడు ఉన్నవాటితో మొదలుపెడితే, ఒకటి ఖర్చయినా మిగతావాటి పేరు తెలుస్తుంది.

అంతరిక్ష ఓడని నడిపే ఎఫ్‌టీఎల్ గేమ్ గురించి రెండు ముక్కలు: స్పేస్ బార్ నొక్కితే ఆట ఆగుతుంది, ఆగినప్పుడు ఆదేశాలివ్వొచ్చు, ఎన్నిసార్లయినా. ఓడలో మంట లేస్తే మనుషుల్ని బయటికి తీసి బయటి తలుపులు తెరవండి, గాలి లేక మంట ఆరిపోతుంది. తలుపులు మూయడం మర్చిపోయి సిబ్బందిని చంపుకోవడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు.

ఆన్‌లైన్ హార్డ్‌కోర్

ఇక్కడ టర్న్‌లు లేవు, ఆలోచించే సమయం లేదు, కాబట్టి ఆలోచనంతా బయల్దేరక ముందే అయిపోవాలి. డయాబ్లో 2లోనూ పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లోనూ రెసిస్టెన్స్, అంటే నిప్పు, మంచు లాంటి దెబ్బల్లో ఎంత శాతం ఆగుతుందన్న అంకె, మామూలు హద్దు 75. 75 నుంచి 70కి దిగితే పోయింది అయిదేగా అనిపిస్తుంది. కానీ తగిలే డ్యామేజ్ 25 నుంచి 30కి, అంటే అయిదో వంతు పెరిగింది. 50కి దిగితే రెట్టింపు. డయాబ్లో 2 విస్తరణలో నార్మల్ తర్వాత వచ్చే కష్టపు స్థాయిలు నైట్‌మేర్‌కి 40, హెల్‌కి 100 రెసిస్టెన్స్ తగ్గిస్తారు. నార్మల్‌లో నిండుగా కనపడ్డ అంకె హెల్‌లో అడుగు పెట్టేసరికి మైనస్‌లోకి పోతుంది. డ్యామేజ్ పెంచే కొత్త ఆయుధం దొరికిందని రెసిస్టెన్స్ ఇచ్చే ఉంగరం తీసేసేవాళ్లే ఇక్కడ ఎక్కువగా పోతారు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌కి అధికారిక హార్డ్‌కోర్ సర్వర్లు 2023 ఆగస్టులో వచ్చాయి. అక్కడ చంపేది పెద్ద బాస్‌లు కాదు, చిన్న లెవెల్ గుహలు. సగం చచ్చిన శత్రువు పారిపోయి పక్కవాళ్లని వెంటేసుకొస్తాడు. మీరు లోపలికి వెళ్తూ చంపినవాళ్లు, తిరిగొచ్చేసరికి మళ్లీ లేచి ఉంటారు. పారిపోయేవాడి కాళ్లకి బంధం వేసే స్కిల్ చేతిలో ఉంచుకుని, ఒక్కొక్కరినే బయటికి లాగి కొట్టాలి. లోపలికి దూరే ముందు బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసుకోవాలి. నెట్ నమ్మకంగా లేని రోజున హార్డ్‌కోర్ తెరవనేకూడదు. కేబుల్ కనెక్షన్ ఉంటే వైఫై మీద ఆడటం అనవసరపు డైస్.

బాల్డర్స్ గేట్ 3 హానర్ మోడ్‌లో కూడా ఒక పాత చిట్కా ఇప్పటికీ బాగా పనిచేస్తుంది: నలుగురిలో ఒకరిని పోరాటానికి దూరంగా, కనపడని చోట నిలబెట్టండి. ముగ్గురూ పడిపోయినా నాలుగోవాడు క్యాంప్‌కి వెళ్లి విథర్స్‌తో లేపించుకుంటాడు, రన్ బతుకుతుంది. లోయ అంచున మాత్రం ఎవరినీ నిలబెట్టొద్దు, ఒక్క తోపుతో ప్రాణం ఎంతున్నా పోతుంది.

సేవ్ ఫైల్, సొంత రూల్స్

ఐరన్‌మ్యాన్, అంటే ఎక్స్‌కామ్‌లో వెనక్కి లోడ్ చేయనివ్వని మోడ్, అందులో సేవ్ ఒకటే ఉంటుంది కాబట్టి, అది పాడైతే అరవై గంటల క్యాంపెయిన్ గాలికి పోయినట్టే. మిషన్ అయ్యాక సేవ్ ఫోల్డర్‌ని కాపీ చేసి పెట్టుకోవడం మోసం కాదు. ఫైల్ తెరుచుకోనప్పుడే దాన్ని వాడాలి, అంతే. క్లౌడ్ సింక్‌ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, పాడైన ఫైల్‌నే అది శ్రద్ధగా పైకి ఎక్కిస్తుంది. దెబ్బ పడబోతుంటే ఆల్ట్ ఎఫ్4 నొక్కి ఆట మూసేసే అలవాటుంటే మాత్రం మామూలు మోడ్‌లో ఆడుకోవడమే హాయి.

గేమ్ మొదటిసారి ఆడుతూ ఐరన్‌మ్యాన్ పెట్టుకోమని ఎవరికీ చెప్పను. ఎక్స్‌కామ్‌లో క్రిసలిడ్ అనే జీవి చంపిన మనిషి జాంబీగా లేచి, తర్వాత ఇంకో క్రిసలిడ్‌గా మారుతుందన్న సంగతి చూడకముందు దానికి సిద్ధపడలేరు కదా. లాంగ్ వార్ (ఎక్స్‌కామ్‌కి ఆటగాళ్లు చేసిన మాడ్) ఆడేవాళ్లలో బ్రాంజ్‌మ్యాన్ అనే పద్ధతి ఉంది: మిషన్ మధ్యలో రీలోడ్ లేదు, కావాలంటే మొత్తం మిషన్ మొదటి నుంచి. మొదటి రన్‌కి అదే సరైనది. పోకెమాన్‌లో నజ్‌లాక్ కూడా ఇలా ఆటగాళ్లు పెట్టుకున్నదే: ప్రతి ప్రాంతంలో మొదట కనపడ్డదాన్నే పట్టుకోవాలి, మూర్ఛపోతే చచ్చినట్టే. కఠినంగా ఆడేవాళ్లు దీనికి లెవెల్ హద్దు కలుపుతారు, తర్వాతి జిమ్ లీడర్ దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద లెవెల్ దాటకూడదు. పోరాటంలో ఐటమ్స్ వాడకూడదు. ఐటమ్స్ రూల్ ముందు పెట్టుకోండి, లెవెల్ హద్దు రెండో రన్‌కి.

రన్ పోయాక చూడాల్సింది ఒకటుంది. డంజన్ క్రాల్ ప్రతి చావుకీ మార్గ్ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ రాస్తుంది, అందులో చివరి మెసేజ్‌లు, చేతిలో ఉన్న సామాను ఉంటాయి. కింద నుంచి పైకి చదువుతూ, ప్రాణం సగానికి పడింది ఎక్కడో వెతకండి. అప్పటికి బ్యాగ్‌లో బ్లింకింగ్ స్క్రోల్ ఒకటి, హేస్ట్ పోషన్ రెండు వాడకుండా ఉంటే, వాటిని వాడాల్సిన టర్న్ అదే. తర్వాతి రన్‌లో ప్రాణం సగానికి పడగానే ఐటమ్స్ జాబితా తెరిచి చూడండి, అప్పుడే ఒకటి వాడేయండి.